మావయ్య తలకట్టు

మొన్న వేసవిలో గుడివాడ వెళ్ళినప్పుడు అత్తయ్య అటక మీది సామాను దింపిస్తూ, "ఇది మీ మావయ్యది. ఉంచాలో పారెయ్యాలో నువ్వే చూడు" అని ఒక రేకుపెట్టె నా ముందు పెట్టింది. మూత తీయగానే కిరసనాయిలు, వార్నిషు కలిసిన వాసన గుప్పుమంది. నా చిన్నతనం సగం ఆ వాసనలోనే గడిచింది. లోపల వెంట్రుకలు బిగిసిపోయిన కుంచెలు, రంగు ఎండి పెచ్చులు కట్టిన ఎనామిల్ డబ్బాలు, నీలిమందు పట్టిన నూలుతాడు ఉండ. అన్నిటికీ అడుగున పాత ఎక్స్‌రే ఫిల్ములు. ఒకటి తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. ఎవరివో పక్కటెముకలు. ఆ ఎముకల మధ్య బ్లేడుతో కోసిన 'శ్రీ'.

ఆ శ్రీ నాకు బాగా తెలుసు. మా ఊళ్ళో బీరువాల మీద, రిక్షాల వెనక రేకుల మీద, కిరాణా కొట్ల గల్లాపెట్టెల మీద మావయ్య వేసిన శ్రీ అది. ఆసుపత్రిలో పారేసే ఫిల్ములు అడిగి తెచ్చుకునేవాడు. అట్టతో స్టెన్సిల్ చేస్తే రంగుకి నాని రెండోసారికే మెత్తబడిపోతుంది. ఫిల్ము అయితే గుడ్డతో తుడిచి ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. కాకపోతే కోసేటప్పుడు అక్షరం లోపలి గుండ్రం ఊడి పడిపోకుండా అక్కడక్కడా సన్నటి వంతెనలు వదలాలి. అందుకే స్టెన్సిల్ అక్షరం మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది. ఆ తెగడం పనిముట్టు వల్ల వచ్చింది. కానీ బీరువాల మీద అది చూసి చూసి అలవాటైపోయిన ఒక ఫర్నిచర్ షాపాయన, చేత్తో రాసే పెద్ద బోర్డు మీద కూడా అక్షరాలు అలాగే మధ్యలో తెంపి రాయమన్నాడు. మావయ్య ఆ రోజు అన్న మాట నాకింకా గుర్తు. "చూశావురా, అవసరానికి చేసింది అందమైపోయింది."

మా అమ్మకి తమ్ముడు ఆయన. 1948లో పుట్టాడు. పదో తరగతితో చదువు ఆపేసి, ఒక పెయింటర్ దగ్గర డబ్బాలు కడుగుతూ పని నేర్చుకున్నాడు. నాకు ఊహ తెలిసేటప్పటికి బస్టాండు దగ్గర సొంత కొట్టు పెట్టాడు. కొట్టంటే పైన రేకు, మూడు వైపులా గోడలు, నాలుగో వైపు రోడ్డు. బడి వదలగానే నేను అక్కడికే పోయేవాణ్ణి.

అక్షరాల మీద ఆయన వేసే తలకట్టు చూసి తీరాలి. కుంచె అంచు ఆనించి, కొద్దిగా కిందికి లాగి, అక్కడ ఒక్క క్షణం ఆపి, మణికట్టు తిప్పుతూ కుడివైపు పైకి విసిరేవాడు. కొస దగ్గర కుంచె వెంట్రుకలు విడిపోయి రెండు మూడు సన్నటి చారలు మిగిలేవి. వాటిని ఎప్పుడూ పూడ్చేవాడు కాదు. నేను ఊళ్ళో ఏ మూల బోర్డు చూసినా ఆ చారలు వెతికి, ఇది మా మావయ్యది, ఇది కాదు అని చెప్పేవాణ్ణి.

ఒకసారి ఒక బట్టల కొట్టు బోర్డు ముందు చాలాసేపు కూర్చుండిపోయాడు. ఏంటి మావయ్యా అంటే, "బ, ట్ట, ల. మూడింటికీ తలకట్టు లేదురా. మూడూ బోడితలలే. ఇక నా చెయ్యి ఎక్కడ కనపడుద్ది?" అన్నాడు. నిజమే. ఖ, జ, ట, ణ, బ, ల, ఱ, వీటికి తలకట్టు ఉండదు. అప్పటిదాకా అక్షరాలు దిద్దానే కానీ ఆ సంగతి నేను గమనించలేదు. చివరికి ఆ మూడక్షరాల బొడ్డులూ కాస్త పెద్దవి చేసి, పక్కనున్న 'కొట్టు' కొమ్ముని గొడుగులా వాటి మీదికి వంచాడు. ఆ బోర్డు ఇరవై ఏళ్ళు ఉంది.

1982 మార్చి 29న ఎన్టీ రామారావు గారు పార్టీ ప్రకటించారు. 1983 జనవరిలో ఎన్నికలు. ఆయన పోటీ చేసిన రెండు చోట్లలో ఒకటి మా గుడివాడ. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ చలికాలమంతా మావయ్య ఇంటికి రాలేదంటే నమ్మండి. రాత్రుళ్ళు పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని గోడలు రాశాడు. ముందు సున్నం కొట్టాలి, అది ఆరాలి. నీలిమందు పూసిన తాడుని ఆ చివర నేను, ఈ చివర ఆయన పట్టుకుని మధ్యలో లాగి టప్పున వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది. ఆ గీతల మధ్య బొగ్గుతో అక్షరం కొలతలు. తర్వాత పొడి రంగులో జిగురు కలిపి రాయడం. ఊళ్ళో కొట్లలో పసుపు రంగు అయిపోతే విజయవాడ నుంచి తెప్పించేవాళ్ళు.

గోడ రాత వేరు, బోర్డు రాత వేరు. బోర్డుకి వారం రోజుల టైముంటుంది. గోడ తెల్లారేసరికి అయిపోవాలి. కాబట్టి షేడ్లు ఉండవు, సన్నం లావు తేడాలు ఉండవు. ఒక్క పట్టున పోయే బండ గీత. పరిగెత్తే లారీలో కూర్చున్నవాడు కూడా చదవగలగాలి. ఎడమ పార్టీల కుర్రాళ్ళు తమ గోడలు తామే రాసుకునేవారు. వాళ్ళ జాజు రంగు అక్షరాలు ముందుకి వాలి, మూలలు తేలి, ఎక్కడికో పోతున్నట్టు ఉండేవి. అది చూసి మావయ్య, "పెయింటర్లు కారు వాళ్ళు, కానీ అక్షరంలో ఊపుంది" అని మెచ్చుకునేవాడు. మావయ్య రాసిన పసుపు గోడల్లో ఒక్కదానికైనా కోణం లేదు, అన్నీ గుండ్రాలే. అవి చూస్తే పార్టీ కన్నా ముందు సినిమా గుర్తొచ్చేది. రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ కూడా రామారావు గారి పేరు అంతకు ముందు ముప్పై ఏళ్ళుగా పోస్టర్ల మీదే అలవాటు. గోడ మీదికి కూడా అదే దర్జాతో ఎక్కింది.

పోస్టర్ల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మాకు అక్షరాల బడి అంటే సినిమా హాలు గోడే. గురువారం రాత్రి మైదా జిగురు బకెట్టుతో కుర్రాళ్ళు పోస్టర్లు అంటించి వెళితే, శుక్రవారం పొద్దున్నే టీ తాగే వంకతో మావయ్య అక్కడికి పోయేవాడు. హీరో మొహం ఎవరికి కావాలి, ఆయన చూసేది టైటిల్. మూలన 'ఈశ్వర్' అనే సంతకం కనిపిస్తే ఆ రోజు టీ రెండు కప్పులు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి, 1967లో బాపు గారి మొదటి సినిమా సాక్షితో పబ్లిసిటీ డిజైన్ మొదలుపెట్టిన ఈశ్వర్ అంటే మావయ్యకి గురువుకన్నా ఎక్కువ. ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. మావయ్య దగ్గర ఒక పాత లెక్కల పుస్తకం ఉండేది. అందులో అంకెల పక్కన ఆ టైటిళ్ళన్నీ పెన్సిల్‌తో ఎక్కించుకునేవాడు. పౌరాణికానికి చెక్కిన రాయిలాంటి అక్షరం. దెయ్యం సినిమాకి కారిపోతున్న అక్షరం. కుటుంబ కథకి వత్తులు చక్కగా ఒదిగి కూర్చున్న మెత్తని అక్షరం. ఏ సినిమా ఎలాంటిదో తెరముందు కూర్చోకముందే ఊరంతటికీ చెప్పేసే భాష అది. చదువురాని వాళ్ళకి కూడా తెలిసేది.

ఒక సినిమా వంద రోజులు ఆడిందంటే దాని టైటిల్ ఊరంతా పాకేది. సైకిల్ షాపు, సోడా బండి, టైలరు, అందరూ "ఆ సినిమా అక్షరాల్లా రాయి" అనేవాళ్ళు. మందుల షాపాయన ఒకాయన, ఆయనా వీరాభిమానే, ఫైటింగు సినిమా టైటిల్‌లా బీటలు వారిన అక్షరాలు కావాలని పట్టుపట్టాడు. మావయ్య వినలేదు. "మందుల కొట్టు అక్షరం చూడగానే రోగికి ధైర్యం రావాలండీ. బీటలిచ్చిన అక్షరం చూస్తే ఉన్న ఓపిక పోద్ది" అని నిండుగా, గుండ్రంగా, తెల్ల బోర్డు మీద ఆకుపచ్చతో రాసిచ్చాడు. ఆయన అక్షరానికి అంత విలువిచ్చేవాడు. డబ్బులిచ్చేవాడి మాట కన్నా కొట్టుకొచ్చే మనిషి ముఖ్యం ఆయనకి.

ఎనభైల మధ్యలో డిస్కో వచ్చింది. ఒక అక్షరం చుట్టూ గులాబి, నీలం, పసుపు గీతలు ఒకదాని వెంట ఒకటి. లోపల నల్లరంగు, పైన మెరుపు చుక్క. ప్రతి వీడియో షాపూ అలాగే రాయించుకుంది. వీసీఆర్ అద్దెకిచ్చే కొట్లు ఒక్క ఏడాదిలో మా ఊళ్ళో నాలుగు లేచాయి. నియాన్ దీపాలు మా ఊళ్ళో ఎవరూ పెట్టలేదు. సినిమా పాటల సెట్టింగుల్లో చూసినదాన్ని రేకు మీద ఎనామిల్‌తో వెలిగించాలి, అదీ పని. నల్ల నేపథ్యం మీద గులాబి గీతని ముందు వెడల్పుగా పల్చగా పూసి, ఆరకముందే మధ్యలో తెల్లటి సన్నగీత లాగితే నిజంగానే దీపంలా ఉండేది. ఆ కిటుకు ఆయనకి ఎవరూ నేర్పలేదు.

మావయ్య కొట్టుకి ఆనుకుని ఒక చిన్న ప్రెస్సు. తొక్కుడు ట్రెడిల్ ఒకటి, చెక్క అరల టైపు కేసులు, కంపోజిటర్ బాబాయి. ఎండాకాలం మావయ్య రంగులు ఆరే లోపల నేను బాబాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎడమ చేతిలో కంపోజింగ్ స్టిక్, కుడిచేయి కేసు మీద. కళ్ళు కాగితం మీదే ఉండేవి, వేళ్ళకే తెలుసు ఏ గడిలో ఏ అక్షరముందో. ఇంగ్లీషుకి అచ్చక్షరాలు కొద్ది. తెలుగుకి గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ కలిపి వందల గళ్ళు. కొన్ని వత్తులు అక్షరంతో కలిపి పోతపోసినవి, కొన్ని విడిగా పక్కన పేర్చుకునేవి. మావయ్య గోడ మీద వత్తుని ఎంత కిందికి కావాలంటే అంత కిందికి దింపి తోక లాగేవాడు. సీసం దిమ్మకి ఆ వీల్లేదు. దిమ్మ ఎంతుంటే అక్షరం అంతే, కాబట్టి ప్రెస్సు అక్షరానికి వత్తు ఎప్పుడూ కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ఒకే వీధిలో, పక్కపక్క కొట్లలో, ఒకే అక్షరం రెండు రకాలుగా బతికింది.

మాఘమాసం వస్తే బాబాయికి ఒక్కటే బెంగ. 'క్ష్మి' టైపులు చాలేవి కావు. మా వైపు ప్రతి శుభలేఖలోనూ ఒక లక్ష్మి ఉంటుంది. వధువు పేరు విజయలక్ష్మి, తల్లి మహాలక్ష్మి, వరుడి అమ్మమ్మ ఆదిలక్ష్మి. రెండు మూడు కార్డులు ఒకేసారి ఫారంలో ఉంటే గడి ఖాళీ. ఒక కార్డు అచ్చయి, పేజీ విప్పి, టైపులు కడిగి మళ్ళీ కేసులో పడితేగానీ రెండో పెళ్ళికూతురి పేరు పూర్తయ్యేది కాదు. ఒకసారి నా కళ్ళముందే ఒక పేరు 'సుబ్బల' దగ్గర ఆగిపోయి సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది. పెళ్ళివారు బెంచీ మీద కూర్చుని ఎదురుచూశారు. లక్ష్మి వచ్చాకే లేచారు.

ఇంట్లో అక్షరం అంటే చందమామ, ఆ తర్వాత వారపత్రికలు. అప్పట్లో కథకి బొమ్మ వేసిన ఆర్టిస్టే ఆ కథ పేరు కూడా రాసేవాడు. అందుకే ఏ రెండు కథల పేర్లూ ఒకలా ఉండేవి కావు. చంద్ర గీత వేరు, మోహన్ గీత వేరు, పేరు చదవకుండానే పోల్చుకునేవాళ్ళం. ఇక బాపు సంగతి చెప్పక్కర్లేదు. ఆయన చేతిరాత తెలుగు ఇళ్ళల్లో ఒక మనిషిలా తిరిగింది. పుస్తకం అట్ట మీద, సినిమా పేర్లలో, కార్టూన్ కింద వాక్యంలో, అన్నిట్లో అదే రాత. మామూలు మనిషి గబగబా ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందో అంత చనువుగా ఉండేది, కానీ ఎవరు అనుకరించినా వచ్చేది కాదు. మావయ్య చాలా ప్రయత్నించి వదిలేశాడు. "అది కుంచె రాత కాదురా, పెన్ను రాత. నా చెయ్యి కుంచెకి అలవాటైపోయింది" అన్నాడు. తర్వాత ఆ దస్తూరీ కంప్యూటర్ ఫాంటుగా వచ్చింది. శుభలేఖల మీద, గృహప్రవేశం కార్డుల మీద జనం దాన్ని ఎంత ప్రేమగా వాడుకున్నారో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, చేసిన మా తరానికి తెలుసు. 2014లో బాపు గారు పోయిన రోజు నేను చేసిన కార్డుల్లో కూడా ఆయన అక్షరమే ఉంది.

డీటీపీ నేను 1994లో విజయవాడలో నేర్చుకున్నాను. అమెరికాలో 1985లో పుట్టిన పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ అప్పటికి మా దగ్గరికి వచ్చేసింది. దాని మీద తెలుగు ఫాంట్లు. తర్వాత కొన్నేళ్ళకి మా లోకమంతా అను ఫాంట్లే. అనుపమ, ప్రియాంక, పల్లవి, బ్రహ్మ, ఇంటిపిల్లల పేర్లలా పిలిచేవాళ్ళం. "హెడ్డింగ్ బ్రహ్మలో పెట్టు, మేటర్ ప్రియాంకలో కొట్టు." కీబోర్డు లేఅవుట్లలో 'ఆపిల్' నేర్చుకున్నవాడికి పని తొందరగా దొరికేది. కొట్టిన పేజీని బటర్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీసి ఆఫ్‌సెట్ అచ్చుకి పంపేవాళ్ళం. కంపోజిటర్ బాబాయి రెండు రోజులు పేర్చేదాన్ని నేను గంటలో కొట్టేసేవాణ్ణి. లక్ష్మికి కరువు తీరిపోయింది. ఆ సంతోషం నిజమైనదే, దాన్ని తక్కువ చెయ్యను.

కానీ లోపల ఒక సంగతి ఉంది. ఆనాటి ఫాంట్లో ఉండేది 256 చోట్లు. తెలుగుకి కావలసిన వందల రూపాలు అందులో పట్టవు. అందుకని చాలా ఫాంట్లలో అక్షరాన్ని ముక్కలు చేశారు. ఒళ్ళు ఒక చోట, గుడి ఒక చోట, వత్తు ఒక చోట, తలకట్టు ఇంకో చోట. మీట నొక్కితే ముక్కలు పక్కపక్కన చేరి అక్షరంలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కి మాత్రం అవి ఇంగ్లీషు గుర్తులే. తలకట్టు ఒకటే ముక్క. క మీద, చ మీద, వ మీద, దేని మీదైనా అదే పడుతుంది. మొదటిసారి స్క్రీన్ మీద అక్షరాన్ని బాగా పెద్దది చేసి చూసి నేను అలాగే ఉండిపోయాను. మావయ్య ప్రతి అక్షరానికీ దాని ఒంటి తీరుని బట్టి తలకట్టు వేసేవాడు. గ తలకట్టు, ధ తలకట్టు ఒక కొలతవి కావు.

ఆ ముక్కల లెక్క ఇప్పటికీ మనల్ని వదల్లేదు. క్రావడి (ర వత్తు) అక్షరానికి ఎడమవైపు నుంచి మొదలవుతుంది కాబట్టి పాత ఫాంట్లలో దాన్ని ముందు కొట్టేవాళ్ళం. ఆ ఫైళ్ళని తర్వాత, అన్ని భాషల అక్షరాలకీ విడివిడిగా నంబర్లిచ్చే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు 'ప్రభుత్వం' కాస్తా '్రపభుత్వం' అయింది. ఇంటర్నెట్‌లో అలాంటి మాట ఎక్కడ కనిపించినా చాలామందికి తప్పు కనిపిస్తుంది, నాకు తొంభైల నాటి ఒక డీటీపీ సెంటరు కనిపిస్తుంది.

నేను గుడివాడలో సొంతంగా డీటీపీ పెట్టాను. మావయ్య కొట్టు పక్కనే, బాబాయి ప్రెస్సు ఉన్న గదిలో. ట్రెడిల్‌ని తూకానికి అమ్మేశారు. అప్పటికి మావయ్యకి బోర్డులు తగ్గాయి. రేడియం స్టిక్కర్లు వచ్చి బైకులూ ఆటోలూ పోయాయి. ఎన్నికల గోడలు అంతకు ముందే పోయాయి. శేషన్ గారు ఎన్నికల కమిషనర్‌గా వచ్చి గోడ రాతల మీద పట్టు బిగించాక, నిద్రలేని ఆ చలికాలాలు మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఫ్లెక్స్ వచ్చింది.

ఫ్లెక్స్ కొత్తలో నా చేతిలో ఒక పొరపాటు జరిగింది. ఒక పెళ్ళికి స్వాగతం బ్యానరు కోరల్‌డ్రాలో డిజైన్ చేసి సీడీలో ప్రింటింగుకి పంపాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకి 'కర్వ్స్ చేశావా?' అనే ప్రశ్న తెలుసు. అక్షరాన్ని గీతలుగా మార్చి పంపాలి. లేకపోతే అవతలి కంప్యూటర్‌లో మన ఫాంటు లేనప్పుడు అంతా ఇంగ్లీషు గుర్తులైపోతుంది. ఆ రోజు హడావిడిలో నేను మర్చిపోయాను. రాత్రి తొమ్మిదింటికి బ్యానరు వచ్చింది. విప్పితే వధూవరుల ఫోటోలు నిగనిగలాడుతున్నాయి. పేర్లున్న చోట బ్రాకెట్లు, డాలరు గుర్తులు, ఏవేవో. ముహూర్తం తెల్లవారుజామున. మళ్ళీ ప్రింటు చేయించే దారి లేదు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు.

మావయ్య ఆ ఫ్లెక్స్ వైపు ఒక్కసారి చూసి, ఒక్క మాట కూడా అనకుండా, "తెల్ల గుడ్డ ఎన్ని గజాలుంది ఇంట్లో?" అని అత్తయ్యని అడిగాడు. రెండు దుప్పట్లు కలిపి కుట్టింది. కొట్టు ముందు రోడ్డు మీదే పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. చాలా రోజుల తర్వాత నీలిమందు తాడు మళ్ళీ నా చేతికి వచ్చింది. ఈ చివర నేను, ఆ చివర ఆయన. గుడ్డ రంగు పీల్చుకుంటుంది కాబట్టి గీత ఆగకూడదు. ఆగితే అక్కడ మడుగు కట్టి అంచు పాకిపోతుంది. యాభై ఐదేళ్ళ మనిషి మోకాళ్ళ మీద పాక్కుంటూ రాత్రి ఒంటిగంట దాకా రాశాడు. టేబులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. నాలుగింటికి మండపం ముందు కట్టాను. పెళ్ళికూతురి తండ్రి కాసేపు దాని ముందు నిలబడి, "మా పెళ్ళికి కూడా ఇట్టాంటిదే కట్టారు" అన్నాడు. ఆ మాట మావయ్యకి చెబితే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయన రాసినవి ఎక్కువగా బడి గోడలే. వర్ణమాల, సూక్తులు, దేశపటం. అవి కూడా కొన్నేళ్ళకి స్టిక్కర్లయ్యాయి.

నేను యూనికోడ్‌లోకి ఆలస్యంగా వచ్చాను. తెలుగుకి 1991లో మొదటి వెర్షన్‌లోనే చోటు ఇచ్చారట, మా బల్ల మీదికి రావడానికి పదేళ్ళు దాటింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు చూసినప్పుడు అక్షరం బిగుసుకుపోయినట్టు అనిపించింది. కానీ అది ముక్కలు కాదు, నిజంగా తెలుగు. వెతికితే దొరుకుతుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు వేసుకున్న రోజు నాకు పండగే. ఆ తర్వాత గుత్తుల పురుషోత్ కుమార్ గీసిన రామభద్ర, ధూర్జటి, సూరన్న, గిడుగు, మండలి లాంటివి ఉచితంగా వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో 'జ్ఞా' అనే అక్షరం వస్తే యాప్‌లు ఆగిపోయాయని పేపర్లలో వచ్చింది. ఆపిల్ వాళ్ళు అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఆ వార్త చదివి వినిపిస్తే మావయ్య చాలాసేపు ఆలోచించి, బడి గోడల మీద ఎన్ని 'విజ్ఞానం'లు రాశాడో గుర్తు చేసుకున్నాడు. జ పొట్ట కింద ఞ వత్తు పెట్టడానికి చోటు చాలక ప్రతిసారీ చాక్‌పీసుతో రెండు మూడు సార్లు చెరిపేవాడట. "చేతికే కష్టమైంది, పాపం మిషను" అన్నాడు.

ఇప్పుడు సినిమా టైటిళ్ళు చూస్తుంటే మళ్ళీ కుంచె చారలు కనిపిస్తున్నాయి. మోషన్ పోస్టర్ వచ్చిన సాయంత్రానికే ఆ అక్షరాల పోకడ వాట్సాప్ స్టేటస్‌ల్లో, పుట్టినరోజు ఫ్లెక్సీల్లో ఊరంతా పాకుతుంది. వందరోజులు ఆగక్కర్లేదు. ట్యాబ్ మీద గీసే పిల్లలు చారలు వచ్చే బ్రష్ ఎంచుకుని రాస్తున్నారు. బాగా రాస్తున్నారు కూడా. చూసినప్పుడల్లా నాకు మావయ్య గుర్తొస్తాడు. అప్పుడే అనుకున్నాను, ఆయన అక్షరాన్ని ఫాంటుగా చెయ్యాలని.

ఏడాదిగా ఊళ్ళో ఉన్న పాత బోర్డులు ఫోటోలు తీస్తున్నాను. బియ్యం మిల్లు గేటు, మూసేసిన టైలరు కొట్టు తలుపు, ఒక గుడి దాతల పలక. వాటి నుంచి ఒక్కో అక్షరం ట్రేస్ చేసి, ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్‌లోకి ఎక్కిస్తున్నాను. రేకుపెట్టెలోని శ్రీ కూడా ఎక్కింది, మధ్యలో వంతెనలతో సహా. కానీ కొట్ల పేర్లలో అన్ని అక్షరాలూ రావు. ల, క్ష్మి, శ్రీ, వెం, కిరాణా 'ణా' కుప్పలుగా దొరికాయి. ఠ ఒక మఠం బోర్డు మీద దొరికింది. ఢ ఒక్కటి దొరికింది. ఝ మాత్రం ఎంత వెతికినా లేదు. ఝ తో మా ఊళ్ళో ఎవరూ కొట్టు పెట్టలేదు.

రేకుపెట్టె దింపిన రోజు సాయంత్రమే అడిగాను. ఇప్పుడాయనకి చెయ్యి వణుకుతుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. కాగితం, స్కెచ్ పెన్ను ఇస్తే పక్కన పెట్టేశాడు. పెట్టెలోని కుంచెల్లో ఒకటి ఏరి, కిరసనాయిలులో నానబెట్టమని అత్తయ్యకి ఇచ్చాడు. రాత్రంతా నానింది. పొద్దున్నే నన్ను ఎనామిల్ తెమ్మని పంపాడు. తెచ్చేలోపల పాత పేపరు వరండాలో పరిచి, తాడుతో రెండు గీతలు కొట్టించి పెట్టుకున్నాడు.

మోచేతిని మోకాలికి ఆనించి, కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని మొదలుపెట్టాడు. గీత కాస్త వణికింది. రెండో వంపు దగ్గర కుదురుకుంది. ఒళ్ళంతా అయ్యాక కుంచె ఎత్తి, మళ్ళీ ముంచి, డబ్బా అంచుకి రెండుసార్లు రాసి, అక్షరం పైన ఆనించాడు. కొద్దిగా కిందికి. ఆగాడు. ఎడమచెయ్యి వదిలేశాడు. విసిరాడు.

నేను ఫోన్ తీశాను.

"ఉండరా" అన్నాడు మావయ్య, "తలకట్టు ఆరనీ."